కొంగగారి మోకాలు

లోకంలోని చెరువులన్నిటి కష్టసుఖాలూ తెలిసిన ఆర్థికవేత్త అని కొంగ ధవళయ్యకు పేరు. ఆ ఏడు ఎండలు ముదిరేసరికి చేపలకు బెంగ పట్టుకుంది. ధవళయ్య రోజూ పొద్దున్నే చెరువులోకి దిగి, నాలుగడుగులు నడిచి, తన కాలు చూసుకుని ప్రకటించేవాడు.

"మోకాలి లోతు. నిన్నా అంతే, మొన్నా అంతే. పరిస్థితి నిలకడగా ఉంది."

చేపలు హమ్మయ్య అనుకునేవి. ఒడ్డున రాయిని కరుచుకున్న నత్త గుల్లమ్మకు మాత్రం ఒళ్ళు మండేది. నెల కిందట ఆ రాయి నీళ్ళలో ఉండేది. ఇప్పుడు దాని నిండా దుమ్ము.

"అయ్యా, నేను ఇక్కణ్ణించి కదల్లేదు, నీళ్ళే వెళ్ళిపోయాయి. తమరు రోజూ ఇంకాస్త లోపలికి నడిచి కొలుస్తున్నారు. కాలువలో తడి ఉండగానే చేపల్ని పెద్దచెరువుకు పొమ్మనండి!"

"నీ ఒక్కదాని ఇబ్బందిని చెరువంతటికీ అంటగట్టకు," అన్నాడు ధవళయ్య. "చేపలు ఎన్నడూ లేనంత దగ్గరదగ్గరగా ఉన్నాయి. అభివృద్ధి అంటే ఇదే." అంటూ ఒకదాన్ని గుటుక్కున మింగాడు.

కాలువ ఎండిపోయింది. కొలుస్తూ కొలుస్తూ ధవళయ్య చెరువు నడిమధ్యకు చేరాడు. ఇక ముందుకు నడవడానికి చోటు లేదు. నీళ్ళు ఆయన కాలివేళ్ళకు కూడా చాలలేదు. మిగిలిన నాలుగు చేపలూ నోళ్ళు తెరిచి ఆయనవైపే చూస్తున్నాయి. ఇప్పుడేమంటాడో విందామని గుల్లమ్మ తల బయటపెట్టింది.

ధవళయ్య గొంతు సవరించుకున్నాడు. మెల్లగా కాళ్ళు ముడిచి బురదలో కూర్చున్నాడు.

"మోకాలి లోతు," అన్నాడు.