మంచానికి ఆ చివర

ఫ్లాస్కు పట్టుకుని వార్డులోకి వచ్చిన ఇల్లాలు గుమ్మంలోనే నిలబడిపోయింది.

భర్త మంచం చివర ఎవరో పెద్దావిడ స్టూలు వేసుకుని కూర్చుంది. రెండు పాదాలూ మంచం మీదికి చాపి, ఆయన దుప్పటి కొసనే మోకాళ్ళ మీదికి లాక్కుంది.

ప్రమాదంలో ఆయన రెండు కాళ్ళూ పోయాక ఖాళీ అయిన చోటు అది. అటు చూడటానికి గుండె చాలక, ఇన్నాళ్ళుగా ఇల్లాలు తలవైపే కూర్చుంటోంది.

లేని పాదాల నొప్పి ఆయన్ని పీల్చి పిప్పి చేస్తోంది. వేళ్ళు మెలితిరిగిపోతున్నాయంటాడు. ఇంకాస్త పైకి కోసెయ్యమని డాక్టర్ని బతిమాలుతున్నాడు. తగ్గకపోతే మళ్ళీ ఆపరేషన్ తప్పదేమో అన్నారు డాక్టరు. ఆ మాట విన్నప్పటినుంచీ ఆమెకు ముద్ద దిగడం లేదు.

ఇప్పుడు మాత్రం ఆయన నిద్రపోతున్నాడు. మందు పనిచేసినట్టుంది అనుకుంది.

నిద్ర చెడకుండా గొంతు తగ్గించి అంది.

“రోగి మంచాన్ని పడకకుర్చీ అనుకున్నారా?”

“ఆయన లేచేదాకా ఉండనీ అమ్మా. రేపట్నుంచి ఎలాగూ రాను.”

“ఖాళీ కనబడితే చాలు, చేరిపోవడమేనా? ఆయన చూస్తే ఎంత బాధపడతారు?”

పెద్దావిడ దుప్పటి కొస వదిలింది. కుడికాలు దించింది. ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి దించుకుంది. గోడ పట్టుకుని నెమ్మదిగా వెళ్ళిపోయింది.

ఒంటికి బద్ధకం, అనుకుంది ఇల్లాలు.

ఆయన లేస్తూనే మంచం చివరకేసి చూశాడు.

“ఆవిడేది?”

పంపేశానంది. ఆయన నుదుట చెమట పట్టింది. వేళ్ళు మళ్ళీ బిగుసుకుంటున్నాయన్నాడు.

సంగతి విని వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి ఇల్లాలికి విడమరిచి చెప్పింది. ఒక కాలు ఉన్నవాళ్ళకైతే అద్దం పెట్టి, అందులో పోయిన కాలు కదులుతున్నట్టే చూపిస్తారట. కళ్ళు నమ్మితే నొప్పి సడలుతుందట. రెండూ లేనివాళ్ళకు అద్దం ఏం చూపిస్తుంది?

“అందుకే ఇంకొకరి పాదాలు కావాలి. ఆయన చెప్పినట్టు ఆవిడ కదుపుతుంది. ఈ నాలుగు రోజులూ మీరు లేని వేళల్లో మీవారికి అద్దం ఆవిడే.”

“నన్నడగొచ్చుగా?”

“మీరు అటు చూడలేరని ఆయనే వద్దన్నారండీ.”

ఇల్లాలు లేచి స్టూలు లాక్కుంది. తన పాదాలను ఆ ఖాళీలో పెట్టి, దుప్పటి కప్పుకుంది.

“వేళ్ళు విప్పు,” అన్నాడాయన.

విప్పింది.

“ఇంకా మెల్లగా.”

చాలాసేపటికి ఆయన ఊపిరి కుదుటపడింది.

“చల్లగా ఉన్నాయే నీ పాదాలు,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే, క్షమించమని అడగడానికి, ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిన ఆడవాళ్ళ వార్డుకు వెళ్ళింది. రోజూ తన భర్త దగ్గరికి వచ్చిన పెద్దావిడ, ఇక్కడ ఎవరికో తోడుగా ఉంటున్నావిడ ఏదని నర్సును అడిగింది.

నర్సు కిటికీ పక్కన ఖాళీ మంచం చూపించింది.

“తోడుగా కాదమ్మా, ఆ మంచం ఆవిడదే. ఎముకలో గడ్డ. ఎడమకాలు తీసెయ్యడానికి ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళారు.”