ముందు నువ్వు తాగు

“ముందు నువ్వు తాగు,” అన్నాడు డ్రైవర్ తాత, పళ్ల రసం గ్లాసు నర్సు ముఖం ముందు పెట్టి.

నర్సుకి గుండె జారిపోయింది. పక్క గదిలో ఒకరికి కట్టు మార్చి వచ్చేసరికి ఈయన రసం తాగేసి గుర్రు పెడుతుంటాడనుకుంది. చూస్తే, దిండుకి ఆనుకుని, కళ్ళు ఇంత చేసుకుని, ఆమె కోసమే కాచుకుని ఉన్నాడు. గ్లాసులో చుక్క కూడా తగ్గలేదు.

“నాకెందుకు తాతా? అక్క మీకోసం తీసిన రసం కదా,” అంది నవ్వు తెచ్చిపెట్టుకుని.

“ఒక్క గుక్కే. రుచెలా ఉందో చెబుదువుగాని.”

“డ్యూటీలో ఏమీ తాగకూడదు. మా పెద్ద సిస్టర్ చూసిందంటే నా వీపు విమానం మోతే!”

“నిన్న మా అమ్మాయి ఇచ్చిన టీ ఊదుకుంటూ తాగావుగా? అప్పుడు లేని డ్యూటీ ఇప్పుడొచ్చిందా?”

నర్సు దిక్కుతోచక ఆయన కూతురి వైపు చూసింది. ఆవిడ మంచం పక్కన కుర్చీలో కూర్చుని, పరుపు మీద చేతులు పెట్టుకుని, వాటిలో ముఖం దాచుకుంది. తల ఎత్తితే ఒట్టు. కాళ్ళావేళ్ళా పడి నన్ను ముగ్గులోకి దించి, ఇప్పుడేమీ ఎరగనట్టు తల దాచుకుంటావా అక్కా అని నర్సు లోలోపల ఉడికిపోయింది.

కాళ్ళావేళ్ళా పడిన మాట నిజమే. ఇక వైద్యం లేదని పెద్దాసుపత్రులు చేతులెత్తేసిన వాళ్ళు వచ్చే చోటది. నొప్పి లేకుండా, భయం లేకుండా చివరిదాకా చూసుకోవడమే అక్కడి పని. నొప్పి మందు డ్రైవర్ తాత నెలల తరబడి వేసుకుంటున్నదే. నిద్ర పట్టేలా కాస్త పెంచమని డాక్టరు చెబితే మాత్రం ససేమిరా అన్నాడు. కన్ను మూస్తే మళ్ళీ తెరవనని ఆయన భయం. బతుకంతా రాత్రిళ్ళు లారీ నడిపిన మనిషి, కునుకంటే ఏమిటో ఆయనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. రోజుల తరబడి ఆయనకీ నిద్ర లేదు, పక్కన కూర్చున్న కూతురికీ లేదు. “ఆయనకి తెలియకుండా కలిపేయండి సిస్టర్, మీకు పుణ్యముంటుంది,” అని పొద్దున తలుపు దగ్గర ఆవిడ ఏడ్చేసింది. నర్సు మనసు కరిగింది. చేదు తెలియకుండా రసంలో కలిపి ఇచ్చింది.

కానీ తను ఉద్యోగంలో చేరిన రోజే పెద్ద సిస్టర్ చెప్పింది. ఇక్కడికొచ్చిన వాళ్ళ చేతిలో ఇంకేమీ మిగలదు, ‘వద్దు’ అనే మాట ఒక్కటే మిగులుతుంది, దాన్ని మాత్రం లాక్కోవద్దు అని.

“ఇలా ఇవ్వండి, ఈగ పడినట్టుంది. వేరే తెస్తాను,” అని నర్సు గ్లాసు పట్టుకోబోయింది.

“ఈగా లేదు, దోమా లేదు.” ఆ చేతిలో ఎముకలే మిగిలాయి. అయినా పట్టు వదల్లేదు. “సూటిగా చెప్పు తల్లీ. ఇందులో ఏమైనా కలిపావా?”

నర్సు గ్లాసు వైపు చూసింది. పోనీ ఒక గుక్క తాగేస్తేనో? అమ్మో! ఆయన ఒంటికైతే ఆ మందు అలవాటైంది. అదే మోతాదు కొత్తవాళ్ళు తాగితే నిద్రలోనే ఊపిరి తీసుకోవడం మర్చిపోతారు. లేదని బొంకితే, తన మాట నమ్మి ఆయన తాగేస్తాడు. ఉందని చెబితే ఇక ఎవరి చేతి మందూ ముట్టడు. ఆ నొప్పితో మందు లేకుండా పోవడమంటే ఎలా ఉంటుందో ఆమె కళ్ళారా చూసింది. ఆ అరుపులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

“కలిపాను తాతా,” అంది. “నిద్ర పట్టడానికి. మీకు చెప్పకుండా కలిపాను. తప్పే.”

తాత రెప్ప వేయకుండా చూశాడు. గ్లాసు విసిరికొడతాడని, బయటికి పొమ్మని అరుస్తాడని ఆమె బిగుసుకుపోయి నిలబడింది.

“అమ్మయ్య!” అన్నాడాయన. “నువ్వూ అబద్ధమాడితే ఇక ఎవరిని నమ్మాలిరా దేవుడా అని హడలి చచ్చాననుకో. పొద్దున మీ ఇద్దరి గుసగుసలూ విన్నాలే. నా కళ్ళు పాడయ్యాయి గానీ చెవులు బాగానే ఉన్నాయి.”

“మరి కోపం లేదా?”

“ఉంది. కానీ చెప్పావుగా! ఇక నుంచి చెప్పి ఇవ్వు. నిద్రమందైనా సరే, నీ చేత్తో ఇస్తే వేసుకుంటా. నువ్వు పక్కన కూర్చోవాలి మరి.”

నర్సుకి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఎంత గండం గడిచింది! “అక్కా, విన్నారా? నాన్నగారు ఒప్పుకున్నారు,” అంది సంబరంగా.

కూతురు పలకలేదు. తాత పెదాల మీద వేలు పెట్టి, “ష్, అరవకు,” అని గ్లాసెత్తి రసమంతా గటగటా తాగేశాడు.

“అదేంటి తాతా! మందుందని చెబుతుంటే...”

“ఇందులో మందెక్కడిది? ఇది మా అమ్మాయి తన కోసం తీసుకున్న గ్లాసు.” తాత మూతి తుడుచుకుని మురిపెంగా కూతురి తల నిమిరాడు. “అది చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు మార్చేశాను. నిద్రంటే నాకు భయం గానీ దానికేం భయం? ఎంత హాయిగా పడుకుందో చూడు, ఊపిరి చప్పుడు కూడా వినపడట్లేదు!”