కల్లం దగ్గరికొచ్చినావిడ

పొద్దెక్కినా మంచు పూర్తిగా విడవలేదు. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు ఆ తెల్లదనంలో ఎర్రటి ఏరులా కనిపిస్తున్నాయి.

రాగసుధ భర్తకు అన్నం క్యారియర్ పట్టుకొచ్చేసరికి గట్టు మీద ఎవరో ఒకావిడ కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయిన మనిషి. తల నిండా కొంగు కప్పుకుంది. పక్కనే రాగసుధ ఐదేళ్ళ కూతురు అమూల్య.

"అమ్మా, ఈ పెద్దమ్మ దాహమంటే మజ్జిగిచ్చాను."

"ఇవ్వమని ఎవరు చెప్పారు తల్లీ?" ఆవిడ అడిగింది.

"మా అమ్మే. దాహమన్నవాళ్ళని ఊరూ పేరూ అడక్కూడదంట. ముందు ఇచ్చెయ్యాలంట."

ఆవిడ నవ్వింది. ఏదో కూనిరాగం తీస్తూ పాప జుట్టు సవరించింది. ఎప్పటినుంచో ఎరిగిన తలను నిమిరినట్టు ఆ వేళ్ళు మెల్లగా కదిలాయి. అమూల్య కళ్ళు మగతగా వాలాయి.

రాగసుధ చేతిలోని క్యారియర్ కింద పెట్టేసింది.

ఏడాది నిండని పసిగుడ్డుగా అమూల్యను శిశుగృహ నుంచి తెచ్చుకున్నారు. కన్నతల్లి ఏనాటికైనా వెతుక్కుంటూ వస్తుందేమోనన్న భయం ఆమెను కలలో కూడా వదల్లేదు.

పాపను దగ్గరకు లాక్కుంది.

"ఎవరండీ మీరు?"

"దారిన పోతూ ఆగానమ్మా."

"అయితే వెళ్ళండి. మళ్ళీ ఇటు రావద్దు."

"అన్నం తిని వెళ్ళమనమ్మా," అంది అమూల్య.

రాగసుధ క్యారియర్‌ను వెనక్కి జరిపింది.

ఆవిడ గట్టు పట్టుకుని లేచింది. "రానమ్మా. ఇంక రావాల్సిన పని లేదు. పాపను చక్కగా పెంచుకుంటున్నావు."

పత్తిచేల మధ్య డొంకదారిలో నడుచుకుంటూ మంచులో కలిసిపోయింది.

ఆ తర్వాత రాగసుధకు కంటి మీద కునుకు లేదు. వారం తిరక్కుండా గుంటూరు వెళ్ళింది. శిశుగృహ వరండాలో ఆయా దేవకుమారి ఉయ్యాల ఊపుతోంది.

"మా ఊరు ఎక్కడో పాప కన్నతల్లికి ఎవరు చెప్పారు?" గట్టిగానే అడిగింది రాగసుధ.

"కన్నతల్లి ఎవరో మాకే తెలీదమ్మా. నేను చెప్పింది మహిమ టీచర్‌కి. ఒక్కసారి చూసొస్తానని బతిమాలితే కాదనలేకపోయాను."

"ఆవిడ ఎక్కడుంటారు?"

"మొన్న ఆదివారం చనిపోయిందమ్మా."

రాగసుధ ఉయ్యాల దగ్గరికి జరిగింది.

"ఆవిడ పాపకి ఏమవుతుంది?"

దేవకుమారి ఉయ్యాల ఆపింది.

"మీకంటే ముందు పాపను పెంచుకోవడానికి తీసుకెళ్ళింది ఆవిడేనమ్మా; తనకు జబ్బని తెలిశాక, బిడ్డకు చాలాకాలం బతికే అమ్మ కావాలని తనే తెచ్చి ఈ ఉయ్యాల్లో పడుకోబెట్టి వెళ్ళింది."