లంక దాకా

ఆ ముసలాయన పడవలో కాలు పెట్టగానే మంజుషకి గుప్పున వాసన కొట్టింది.

చేపల వాసన కాదు. బురద వాసనా కాదు. ఏదో కుళ్ళిన వాసన. గొంతులోకి దిగి అక్కడే కూర్చుంది.

"ఎవరండీ ఈయన?" అంది భర్తతో, చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

శ్రీనివాసరాజుకి రొయ్యల చెరువుల గొడవలో ఏడాదిగా తీరిక లేదు. ఇవాళ పెళ్ళిరోజని భీమవరం నుంచి పొద్దున్నే బయల్దేరదీసి, ఇంజన్ పడవ మొత్తం మాట్లాడాడు. గోదారి వశిష్ఠ పాయ దాటి సముద్రం ఒడ్డు వెంట కొంతదూరం పోతే ఒక లంక. దానిమీద బౌద్ధుల కాలం నాటి ఇటిక గోడలు. అక్కడే భోజనం, ఫొటోలు, సాయంత్రానికి వెనక్కి.

"పడవ మొత్తం మాదన్నావు కదయ్యా?" అన్నాడు పడవ నడిపే కిరణ్ కుమార్‌తో.

"ఆయ్, మీదేనండి. పెద్దాయన లంక దాకా వస్తారండి. సముద్రం పోటు వచ్చేలోపు చేరాలంట. వేరే పడవ లేదండి. ఓ మూల కూర్చుంటారు."

ముసలాయన ఇంజన్ పక్కన ఒదిగి కూర్చున్నాడు. లుంగీ మీద నల్లటి మరకలు. గోళ్ళ నిండా మట్టి. చుట్టూ ఈగలు.

మంజుష ముందుకి జరిగినా వాసన వచ్చింది. సెంటు కొట్టుకున్నా వచ్చింది.

మంజుష డబ్బా మూత తీసి పూతరేకు అందుకుంది. ఆయన లుంగీ మీద లేచిన ఈగ తిన్నగా వచ్చి దానిమీద వాలింది.

అంతే. డబ్బా మొత్తం నీళ్ళల్లోకి విసిరేసింది. పడవ అంచు మీదికి వంగి వాంతి చేసుకుంది.

"ఆయన్ని దింపుతారా, నన్ను దిగమంటారా?"

"దింపెయ్యవయ్యా," అన్నాడు శ్రీనివాసరాజు.

"ఇక్కడాండీ? లంక ఇంకా మైలు దూరం ఉందండి."

"అదుగో, లంక దాకా బురద దిబ్బ తేలి ఉందిగా. నడిచిపోతాడు."

"రాజుగారూ, అసలు ఈయన..."

ముసలాయన చెయ్యెత్తి ఆపాడు.

"వద్దు బాబూ. సరదాగా వచ్చారు. వాళ్ళ రోజు పాడు చెయ్యకు. నీళ్ళు ఇంకా వెనక్కి తీసే ఉన్నాయి, నడుస్తాలే."

దిగాడు. మోకాళ్ళ దాకా బురదలో కూరుకుపోయాడు.

"పీడా పోయింది," అంది మంజుష.

లంక మీద ఇటికలు మూరెడేసి ఉన్నాయి. ఎండకి ఎర్రగా మెరుస్తున్నాయి. మంజుష గోడకి ఆనుకుని నవ్వింది. శ్రీనివాసరాజు ఫొటోలు తీశాడు.

ఎంత నవ్వినా ఆ వాసన ముక్కులోంచి పోలేదు.

పైకెక్కి చూస్తే, దూరంగా బురదలో ఒక మనిషి. ఒక కాలు పీక్కుంటున్నాడు, ఇంకో కాలు దిగబడుతోంది.

"ఒక్క పావుగంట ఇప్పించండి," అన్నాడు కిరణ్ కుమార్. "ఆయన్ని లంక చివర మడ చెట్ల దగ్గర దింపేసి వచ్చేస్తాను."

"ఆయన మళ్ళీ ఎక్కితే ఆ పడవ నేను ఎక్కను," అంది మంజుష.

శ్రీనివాసరాజు భోజనం క్యారేజీ విప్పాడు. కిరణ్ కుమార్ తినలేదు. నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు.

వాళ్ళు చేతులు కడుక్కునేసరికి పోటు మొదలైంది. మడ చెట్ల మొదళ్ళు ఒక్కొక్కటే మునిగాయి.

ఎండ తగ్గాక తిరిగొచ్చేసరికి రేవులో జనం. ఇసకలో ఒకావిడ కూలబడి ఉంది. పక్కన జయపాల్ అనే కానిస్టేబులు.

మంజుష పడవ దిగుతుండగానే వెనకాలే ఓ చేపల నావ వచ్చింది. అందులోంచి ఆ ముసలాయన దిగాడు. ఛాతీ దాకా బురద.

ఆవిడ ఒక్క ఉదుటున లేచింది.

"మా వాడేడి బాబయ్యా?"

ముసలాయన తల వంచుకున్నాడు.

"పోటు నాకంటే ముందొచ్చేసిందమ్మా. మడ చెట్లకి చిక్కుకున్నాడని జాలర్లు చెప్పిన చోటే వెతికాను. లేడమ్మా. సముద్రంలోకి పోయుంటాడు. నాదే ఆలస్యం."

"ఆఖరుసారి మొహమైనా చూసుకోలేకపోయానే!"

ఆవిడ ఇసకలో పడి గుండెలు బాదుకుంది.

ముసలాయన తలెత్తాడు. ఎదురుగా మంజుష. కిరణ్ కుమార్ వంక చూసి, ఏమీ చెప్పొద్దన్నట్టు తలాడించాడు. తర్వాత గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ఆమెకి దూరంగా నాలుగడుగులు పక్కకి జరిగి నిలబడ్డాడు.

మంజుష చేతిలోని చెంగు జారిపోయింది. ఈసారి తన ఒళ్ళే తనకి రోత పుట్టించింది.

"ఏం జరిగిందండీ?" అంది జయపాల్‌తో.

"మొన్న ఇద్దరు కుర్రాళ్ళు స్నానానికి దిగి కొట్టుకుపోయారండి. ఒకణ్ణి ఇవాళ తెల్లారగట్ల ఈయనే భుజాన వేసుకొచ్చారు. రెండోవాడి కబురు తెలియగానే, ఒంటి మీద నీళ్ళైనా పోసుకోకుండా లంకకి బయల్దేరారు."

"ఎవరండీ ఆయన?"

"ఆశీర్వాదం గారని, ఈ పాయలో పోయినవాళ్ళని పదహారేళ్ళుగా వెతికి తీసి, మేం ముట్టుకోలేని ఆ ఒళ్ళు తన చేతుల్తో కడిగి, తెల్లబట్ట కప్పి కన్నవాళ్ళకి అప్పగించే మనిషండి, వట్టి చేతుల్తో ఒడ్డెక్కడం ఇదే మొదటిసారి."