మార్తమ్మ వెనకాలే

పాత డాక్యుమెంటరీల్లోని మనుషులు తెర దిగి ఇళ్లలో తిరిగే కాలం వచ్చాకే, సువార్త తన తల్లిని మొదటిసారి చూసింది. టీ కొట్లలో దళితులకు వేరే గ్లాసులు పెట్టడాన్ని నిలదీస్తూ జిల్లా కేంద్రానికి పాదయాత్ర నడిపించిన మార్తమ్మ, కూతురికి ఊహ తెలియకముందే పోయింది. ఇప్పుడామె సువార్త వంటింట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ, యాత్రకొచ్చే ఆడవాళ్లకు పనులు పురమాయిస్తోంది.

సువార్త పక్కనే పీట వేసుకుని కూర్చుంది. "అమ్మా, అప్పుడు నన్నెవరి దగ్గర వదిలావు?" అని అడిగింది.

"లారీలు రావంట. నడిచే పోదాం," అంది మార్తమ్మ. ఆనాడు కెమెరా ముందు అన్న మాటలే ఆమె అనగలదు.

"కొత్త మాటలు కలిపిస్తే నిన్ను పేరు పెట్టి పిలుస్తుందత్తా. అందరూ చేయించుకుంటున్నారు," అంది కోడలు కెజియా.

ఆ పిలుపు కోసం సువార్త ప్రాణం కొట్టుకుంది. అయినా, "వద్దమ్మా. ఆమె అనని మాట ఆమె నోట పెట్టొద్దు," అంది.

మార్తమ్మ చేతులు కడుక్కుని జెండా అందుకుంది. "చంటిపిల్లల తల్లులు వెనకాడకండి. నా బిడ్డనీ ఎత్తుకునే వస్తన్నా," అంటూ లేచి నడిచింది.

ఆనాడు తీసిన చిత్రం అంతవరకే; గడప దగ్గర మార్తమ్మ బొమ్మ ఆగిపోయింది. సువార్త మాత్రం చెప్పులైనా వేసుకోకుండా ఎండలోకి నడిచింది.