అడుగుల అరిసెలు

ఉదయశ్రీ చెయ్యి వదిలేసింది. లోహిత్ పడలేదు.

ఒక అడుగు వేశాడు. ఇంకొకటి. మూడోది వేసి, సోఫా అంచు పట్టుకుని, ఏదో తప్పు చేసినవాడిలా జయంతి వైపు చూశాడు.

జయంతి జావ గిన్నెతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

ఆస్పత్రి నుంచి నల్లగండ్లలోని ఈ ఫ్లాట్‌కి తెచ్చేనాటికి వాడికి పది నెలలు. నాలుగున్నర కిలోలు. గుండెకి ఒక ఆపరేషన్ అయింది, ఇంకొకటి మిగిలింది. మింగడం రాదు. పొట్టకు అమర్చిన గొట్టంలోకి సిరంజితో పాలు ఎక్కించాలి. నిద్రపోతే ఆక్సిజన్ పెట్టాలి. “మెడ నిలబెడితే అదే గొప్ప” అన్నారు డాక్టరు. నలభై ఏడేళ్ళ వయసులో జయంతి హైటెక్ సిటీలో ఉద్యోగం మానేసి వాడి పక్కన కూర్చుంది.

అయినా ఒక్క ముచ్చటా వదల్లేదు. పదిహేనో నెలలో బోర్లా పడితే బొబ్బట్లు చేసింది. రెండేళ్ళు నిండుతుండగా ఆసరా లేకుండా కూర్చుంటే కుడుములు పెట్టింది. వాడు తినలేడు. వాడి పెదవులకి ఆనించి, అపార్ట్‌మెంటంతా పంచింది. గొట్టం తీసేసిన వారం మాత్రం మూడు చెంచాల పాయసం వాడే మింగాడు. ఆ రోజు వెంకట్ బాత్రూం తలుపు వేసుకుని ఏడ్చాడు. భార్యాభర్తల్లో అంతకుముందు కంటతడి పెట్టేది జయంతి ఒక్కతే.

ప్రతిసారీ వీడియో తీసి, పంపాల్సిన వాళ్ళందరికీ పంపేది.

“ఏవండీ! బియ్యం నానబోస్తున్నా. బెల్లం తెండి. అడుగులకి అరిసెలు చెయ్యాలి!”

ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న వెంకట్ తల ఎత్తలేదు. “మీటింగ్‌లో ఉన్నా” అన్నాడు. స్క్రీన్ మీద మీటింగేదీ లేదు.

వ్యాయామాలు చేయించడానికి వారానికి మూడుసార్లు వచ్చే ఉదయశ్రీ మాత్రం వాడి పాదాలనే చూస్తోంది.

“ఇయ్యాల కొత్తగ నడిచినట్టు లేదు మేడం. మడిమ ఎంత మంచిగ ఆనిస్తుండో సూడుండ్రి. గిట్ల ఒక్క దినంల రాదు. ఇంట్ల నడుస్తనే ఉన్నట్టుండు.”

ఆమె వెళ్ళాక జయంతి భర్త ముందు చెయ్యి చాపింది. అతను వీడియో తెరిచి ఫోన్ ఇచ్చాడు.

వీడియో పంతొమ్మిది రోజుల కిందటిది. ఆమె మందుల కోసం బయటికి వెళ్ళిన మధ్యాహ్నం. ఫ్రిజ్ దగ్గర నుంచి చెప్పుల స్టాండు దాకా లోహిత్ ఊగుతూ నడుస్తున్నాడు. వెనక నుంచి వెంకట్ గొంతు: “నెమ్మది నాన్నా, నెమ్మది. తొందరేం లేదు.”

“పంతొమ్మిది రోజులు! నాకు కూడా చెప్పలేదు.”

“చెప్తే నువ్వు ఊరుకోవు జయా. వెంటనే పంపేస్తావు.”

“పంపనా మరి? వాడి అడుగులు దాచడానికి మీరెవరండీ?”

వెంకట్ ముఖం పాలిపోయింది.

“అవును. నేనెవర్ని?” అన్నాడు. ల్యాప్‌టాప్ మూసి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

అలా అన్నందుకు జయంతికి నోరు చేదయింది. లోహిత్‌ని ఎత్తుకుని అతని వెనకే వెళ్ళింది. కింద రోడ్డు మీద కంపెనీ క్యాబులు వరసగా ఆగి ఉన్నాయి.

“ఇంకో నెల్రోజులు చూద్దామనుకున్నా, అంతే” అన్నాడు.

రెండో ఆపరేషన్ తర్వాత ఒకసారి వాడు వెనక్కి పోయాడు. నేర్చుకున్న కూర్చోవడాన్ని వాడు మూడు నెలలు మర్చిపోయాడు.

“ఇక వెనక్కి పోడు లెండి” అంది జయంతి. “మనకి యాభై వచ్చేస్తున్నాయి. ఎన్నాళ్ళు ఎత్తుకు తిరుగుతాం? వాడు నడవాలి. వాడు పోవాల్సిన దూరం చాలా ఉంది.”

లోహిత్ అతని కళ్ళజోడు లాగేశాడు. వెంకట్ నవ్వబోయి, వాడి మెడలో ముఖం దాచుకున్నాడు.

వీడియో పంపిన పది నిమిషాలకే ఫోన్ మోగింది. జయంతి లోపలికి వెళ్ళి మాట్లాడింది. “అవునండీ, ఆసరా లేకుండానే. ఆదివారం రమ్మనండి. అరిసెలు చేస్తున్నా.”

ఆదివారం హాల్లో తెల్లటి పంచె పరిచి అరిసెలు వరసగా పేర్చింది. ఇరుగుపొరుగు వచ్చారు. ఉదయశ్రీ సెలవైనా వచ్చింది. కర్నూలు నుంచి వంశీ, అతని భార్య భార్గవి వచ్చారు. లోహిత్‌ని నాలుగుసార్లు వీడియో కాల్‌లో చూశారు కానీ ఎదురుగా చూడటం అదే మొదలు. భార్గవి పంచెకి అవతలి కొసన చతికిలబడి, కొంగుతో అరచేతులు తుడుచుకుంటూ కూర్చుంది.

“ఎడమ పక్కకి పడుకోబెడితేనే నిద్రపోతాడమ్మా” అని ఆమె అడక్కుండానే చెప్పింది జయంతి. “జావ కొంచెం పల్చగా ఉండాలి. దగ్గితే కంగారు పడకూడదు. వీపు నిమిరితే చాలు.”

వెంకట్ వాడి చంకల కింద చేతులు పెట్టి నిలబెట్టాడు. వదలలేదు.

“వదలండి” అంది జయంతి మెల్లగా.

వదిలాడు.

లోహిత్ మొదటి అరిసె మీద కాలు పెట్టాడు. అది విరిగింది. అందరూ గట్టిగా లెక్కపెడుతున్నారు. రెండు, మూడు, నాలుగు. అయిదో అడుగు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి జయంతిని చూశాడు. ఆమె నవ్వుతూనే, ముందుకెళ్ళమని గడ్డంతో చూపించింది.

ఆస్పత్రిలో వదిలేసిపోయిన పసివాణ్ణి, ఒళ్ళు బాగుపడి నడిచేదాకా మాత్రమే సాకుతామని శిశు సంక్షేమ శాఖ వాళ్ళకి సంతకాలు పెట్టి తెచ్చుకున్న జయంతీ వెంకటూ చూస్తుండగా, ఏడో అడుగుతో లోహిత్ తనను దత్తత తీసుకుంటున్న భార్గవి చేతుల్లోకి చేరాడు.