ఖాళీ సంచులు

పెళ్లాం నుదురు చూసి ఇంట్లో వాతావరణం చెప్పగల మొగుళ్లలో సంచుల మాష్టారిది ముందు వరస. ఆవిడ కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు పడ్డాయంటే చాలు, చెప్పబోయిన మాట గొంతులోనే మింగేసి, కుళాయి కారుతోందేమో చూసొస్తానని లేచిపోతారు.

అలా మింగిన మాట ఒకటి ఇప్పుడు గొంతుకి అడ్డం పడింది. అక్కయ్యను వచ్చి తమ ఇంట్లోనే ఉండిపొమ్మని మాటిచ్చేశారు. పెళ్లానికీ ఆ ఆడపడుచుకీ ఉప్పూ నిప్పూ. పోయిన నెల డాక్టరు చదివిన కూతురు వచ్చి, తల్లి తలనొప్పికి వైద్యం చేసి వెళ్లిన సందడిలో చెప్పేద్దామనుకున్నారు గానీ ధైర్యం చాల్లేదు. అక్కయ్య ఆదివారం రైలు దిగుతుంది. ఇవాళ శుక్రవారం.

మాష్టారు కాలేజీలో నరాల పాఠం చెబుతారు. నరం చివర కంటికి కనిపించనంత చిన్న సంచులుంటాయి. కబురు రాగానే సంచి గోడకు అతుక్కుని, నోరు తెరిచి, లోపలి సరుకు కండరం మీద గుమ్మరిస్తుంది. కండరం ముడుచుకుంటుంది. ఖాళీ అయిన సంచిని నరం మళ్లీ లోపలికి లాక్కుని, నింపి, వరసలో నిలబెడుతుంది. ఈ ముక్క ఏళ్ల తరబడి చెప్పి చెప్పి ఆయనకు ఆ పేరు స్థిరపడిపోయింది. నరాన్ని ఊపిరాడనివ్వకుండా తొందరపెడితే నింపే పని వెనకబడుతుందనీ, సంచులన్నీ ఖాళీ అయి కండరం కదలడం మానేస్తుందనీ కూడా చెబుతారు. ఆ తర్వాత విషాల పాఠం ఉంది. అక్కడికొచ్చేసరికి ఆయనకు ఆకలి వేస్తుంది కాబట్టి దాన్ని ఏటా ఎగ్గొడతారు. ఈ ఘనకార్యాన్ని ఇంట్లో చెప్పుకుని నవ్వుతారు కూడా.

అయితే కొద్దిరోజులుగా ఇంట్లో ఒక వింత జరుగుతోంది. ఆవిడ నుదుటి మీద గీతలు పడడం లేదు.

మాష్టారు మొదట నమ్మలేదు. తడి తువ్వాలు పరుపు మీద పడేసి చూశారు. బురద చెప్పులతో హాలంతా తిరిగి చూశారు. నుదురు నున్నగానే ఉంది. అప్పుడు వెలిగింది ఆయనకి. కాపురానికి వచ్చిన నాటి నుంచి తన్ను చూసి చిట్లించీ చిట్లించీ, పాపం, ఆ నరంలో సంచులు అయిపోయాయి. ముడి పడని చోట కోపం నిలవదు. తన సంసారమే ఒక ప్రయోగమైనందుకూ, అది ఫలించినందుకూ ఆయనకు ఒళ్లు పులకరించింది.

కానీ నరాన్ని నమ్మడానికి లేదు. తీరిక దొరికితే సంచులు మళ్లీ నింపేసుకుంటుంది. అందుకని చిన్న చిన్న దెబ్బలు వరసగా వేసి, ఆఖర్న పెద్దది వేయాలని నిర్ణయించుకున్నారు.

సాయంత్రం ఆవిడ వంటింటి బల్ల దగ్గర బీన్స్ తుంపుతోంది. మాష్టారు ఎదురుగా కుర్చీ లాక్కున్నారు.

"నీ కుట్టు మిషను బాగుకిచ్చానన్నాను చూడు. బాగుకి కాదు, మా ప్యూనుకి ఇచ్చేశాను."

"అలాగా," అందావిడ.

గీత పడలేదు. మాష్టారు ఊపందుకున్నారు. గులాబీ మొక్క ఎండకి చావలేదనీ, తనకిచ్చిన దగ్గుమందంతా దాని మొదట్లోనే పోశాననీ చెప్పారు. బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా స్నానాల గదిలో దూరేది స్నానానికి కాదన్నారు. పెళ్లిరోజున పొరుగూరు వెళ్లింది సెమినారుకి కాదు, పేకాటకని కూడా కక్కేశారు. ప్రతిదానికీ ఆవిడ అలాగా అంటూనే ఉంది. బీన్స్ మాత్రం పటపటా విరుగుతున్నాయి.

"ఇంకోటి. ఎల్లుండి అక్కయ్య వస్తోంది, ఉండిపోవడానికే. మేడ మీద నీ గది తనకిస్తానన్నాను."

ఆఖరి కాయ కూడా విరిగింది. మాష్టారు ముందుకు వంగి ఆవిడ నుదుటికేసి చూశారు. గీత కాదు గదా, గీత జాడ కూడా లేదు.

"ఇంకేమైనా మిగిలాయా?" అని అడిగిందావిడ.

గెలిచినవాడి ధీమాతో మాష్టారు వెనక్కి వాలారు. నీ కోపం సంచులు ఖాళీ అయిపోయాయోయ్, ఇక మనింట్లో శాంతే అన్నారు. తుంపిన బీన్స్ ముక్కలే సంచులుగా పేర్చి, పాఠమంతా మొదటి నుంచీ వివరంగా చెప్పారు. ఆవిడ ఓపిగ్గా విని, చేతులు తుడుచుకుని లేచింది.

"సంచులన్నీ నిండుగానే ఉన్నాయండీ, కోపమూ ఎక్కడికీ పోలేదు, తలనొప్పికని అమ్మాయి నా నుదుటికి సూది వేసి వెళ్లింది, మూడు నెలల దాకా సంచులు నోరు తెరవవట, ముడి పడదట, ఆ మందు మీరు ఏటా ఎగ్గొట్టే విషాల పాఠంలోదేనట."